సారె లేని దేశం

మస్తాన్ అయ్యోరు ఇస్కూలు బీరువాలోంచి
బొమ్మల పొస్తకం తెచ్చి నా మోకాళ్ళ మీద పరిచినాడు.
సైదాపురం ఎండ. అరుగు మీద ఆరబెట్టిన మూకుళ్ళు.
ముందు చేతులు కడుక్కోమన్నాడు.
కడుక్కున్నా. గోళ్ళ సందుల్లో మన్ను
ఏనాడు పోయింది గనక?

మెక్సికో అంట. సముద్రాలవతల.
రెండువేల ఏళ్ళ నాటి మట్టి కుక్క.
ఎర్రగా, చూలు కుక్క మాదిరి బొద్దుగా,
చెవులు నిక్కబొడుచుకోని,
ఎవురో పిలిచినట్టు తల ఇట్టా తిప్పి.
చచ్చినోళ్ళ పక్కన పూడ్చినారంట, తోడుగా.

"తోక చూడవ్వా, గొట్టం మాదిరి పెట్టినారు, ఎందుకో" అన్నాడు.
నవ్వొచ్చింది నాకు.
ఎందుకేంది నాయనా,
డొల్ల బొమ్మకి ఊపిరి దారి లేకపోతే
ఆవంలో టపీమని పగలదా?
పగలకుండా పెట్టిన బొక్క
చూసేవాడికి తోకగా కనపడాల.
అదీ పనితనమంటే.

మైనం రాసినట్టు మెరస్తా ఉండాది. మైనం కాదు.
గులకరాయితో పూటలకి పూటలు రుద్దినారు.
నా కాడా ఉండాది అట్టాంటి రాయి,
కండలేరు ఒడ్డున మా అత్తకి దొరికింది.
అరిగి అరిగి వక్కపలుకంత అయింది.
మన మన్నులో కాకిబంగారం కలిసి అదే మిణుకుమంటది.
వాళ్ళకి ఆ సుకం లేదు. మెరుపంతా రుద్దుడే.

పేజీ తిప్పతా అన్నాడు అయ్యోరు:
"ఆ దేశంలో కుమ్మరి సారె లేదవ్వా.
అన్నీ చేత్తోనే."

ఆ మాటకి పొస్తకం మూసేశా.

పెళ్ళయిన కొత్తలో ఒక తూరి
ఆయన సంతకి పోయినపుడు
సారె మీద వేలు పెట్టా. ఊరికే, తిప్పి చూద్దామని.
మా అత్త చూసింది. సారెకి మైల తగిలిందని
పసుపునీళ్ళు చల్లి, టెంకాయ కొట్టి
మూడు దినాలు నాతో మాట్లాడలా.
నలభై ఏళ్ళు మన్ను తొక్కినా,
సలపతో కొట్టి కుండలకి అడుగులు మూసినా,
పొయ్యిలు, కుంపట్లు, పిలకాయల బొమ్మలు ఈ చేత్తో చేసినా
కుమ్మరి అంటే ఆయనే.
నేను కుమ్మరి పెంచలయ్య పెళ్ళాన్ని.

సారె లేని దేశం.
అంటే అక్కడ, పని కాడ నించి
ఆడదాన్ని లెయ్యమనేదానికి
ఎవురికీ సాకు దొరకలేదేమో.

"ఇంకోటి చూడు" అని మళ్ళీ తెరిచినాడు.
చిన్న జంతువు. కాళ్ళ కింద ఇరుసులు, నాలుగు చక్రాలు.
బండ్లు లేవంట, సారె లేదంట,
చక్రం మాత్రం ఈ బొమ్మకే పెట్టినారంట.
ఆటకో, దేవుడికో తెలీదంట.
ఓర్నాయనో.
ఆటకే అయ్యుంటది.
ఏ పిల్లోడు ఏడిస్తే చేసిందో ఆ తల్లి,
లోకమంతా మోయగలిగిన దాన్ని
దారం కట్టి వాకిట్లో ఈడ్చుకోమనింది.

కుక్క పొట్ట మీద వేలిముద్ర ఉండాదంట, చేసినోళ్ళది.
నా వేలు పింఛను మిషనులో పడదు.
నెలనెలా సచివాలయం పిల్ల బొటనేలు తుడిచి తుడిచి
"గీతలు అరిగిపోయినాయవ్వా" అంటది.
అరిగి యాడికి పోతాయి?
గూడూరు నించి పొదలకూరు దాకా
ఎన్ని పొయ్యిల అంచుల్లో ఉండాయో యెతుక్కోమ్మా అంటా.
నవ్వి, కన్ను చూపించమంటది మిషనుకి.

అయ్యోరు పొస్తకం తీసుకోని పోయినాడు, ఇస్కూలుది గదా.
రేతిరంతా ఆ తల తిప్పుడే కళ్ళల్లో.
పొద్దున్నే ముద్ద చేతికి తీసుకున్నా.
బొద్దు కుక్క రాలా. మా యీధి కుక్కే వచ్చింది,
బక్కది, ఒక చెవి తెగింది.
ఏం చేసేది, నేనెరిగిన కుక్క అదే.
చీపురుపుల్లతో బొక్క పెట్టా. తోక ఇంకా పెట్టలా.

మూలన ఆయన సారె. గోనె కప్పి ఐదేళ్ళు,
ఆయన పోయినప్పటి నించి.
గోనె లాగేశా.
కుక్క ఆరేదానికి తావు కావాల గదా,
దాని మీద పెట్టా.
కొంచెం తిరిగింది.