నీళ్ల గుంపు

నేను లెక్కలు రాసేవాణ్ని కాను,
బోనులు కడిగేవాణ్ని.
పదకొండేళ్ల కిందట కడుపు చేతబట్టుకుని
చాంగ్ కొండమీదికి వచ్చినవాణ్ని.
మొక్కజొన్న నూక, ఎండుచేప పొడి, చిటికెడుప్పు కలిపి
తెల్ల చిట్టెలుకలకు పొద్దున్నే పెడతాను.

ఆ బెరడు వచ్చిన రోజు మంచు ఎంత దట్టమంటే
మోసుకొచ్చిన మనిషి కంటే ముందు
దాని వాసన లోపలికొచ్చింది.
మా మేజో.
ఫోంగో-టోంగో దారిలో ఆమెకో పెరడు, పెరట్లో ఆ మాను.
పొద్దు పొడిచే వైపు మాత్రమే ఒలుస్తుంది,
ఒలిచిన చోట బూడిద అద్దుతుంది,
కత్తి పెట్టేముందు చెట్టుతో ఏదో అంటుంది,
ఏమంటుందో ఎవరికీ చెప్పదు.
ఫీజు ఒక కోడి. అదీ రోగి లేచి నడిచాక.

వూఫో దాన్ని నీడన ఎండబెట్టింది, దంచింది,
స్పిరిట్‌లో మూడు రోజులు నానేసింది,
వడకట్టి ఆవిరి పట్టించింది.
గిన్నె అడుగున మిగిలింది
చెంచాడు నల్లటి జిగురు.
ఇంత మానుకి ఇంతేనా అన్నాను.
ఇదే ఎక్కువ జెబాజే, అంది.

ఆరేసి చిట్టెలుకలు, అయిదు గుంపులు.
తోకల మీద పసుపురంగు గీతలు.
మూడు గుంపులకు బెరడు రసం:
కొంచెం, మరికొంచెం, బాగా.
ఒక గుంపుకి మందులషాపు మాత్ర.
ఒక గుంపుకి నీళ్లు.
వట్టి నీళ్లు.
గంట ఆగి అన్నిటి కడుపుల్లోకీ
పుల్లటి ఆమ్లం, సూదితో.

ఆ తర్వాత గదిలో మాట ఉండదు.
ఎలుక సాగుతుంది, నడుము వంపు తిరుగుతుంది,
వెనక కాళ్లు బారజాపి
పొట్టని నేలకేసి రుద్దుతుంది.
అది ఒకటి.
వూఫో బొటనవేలి కింద చిన్న యంత్రం టిక్కుమంటుంది.
ఇరవై నిమిషాలు.
నొప్పి అంటే ఇక్కడ ఎన్ని టిక్కులు అని.

నీళ్ల గుంపులో నాలుగోదాని దగ్గర
టిక్కు ఆగింది.
చూస్తే పిల్ల మొహం పాలిపోయి
ఓ చెయ్యి కడుపు మీద, బల్ల అంచుకి వంగిపోయింది.
నెలనొప్పి, అంది నేలచూపులు చూస్తూ.
ఆ వంపు నాకు తెలుసు,
పొద్దున్నుంచీ చూస్తున్నదే.
యంత్రం నా చేతికిచ్చింది.
ఏడుసార్లు నొక్కాను.
ఆ ఏడూ ఆమె పుస్తకంలో ఉన్నాయి,
నా వేలివని కాగితానికి తెలీదు.

సంచీలోంచి మాత్ర తీసి మింగింది.
మందులషాపు మాత్ర.
పక్కనే సీసాలో నల్ల జిగురు.
ఇద్దరం దానివైపు చూశాం.
ఇద్దరం ఏమీ అనలేదు.

సాయంత్రం మా మేజోని పిలిచి చెప్పింది:
అమ్మా, నీ మందు పనిచేస్తోంది,
బాగా పోసిన గుంపు దాదాపు మెలికే తిరగలేదు.
ముసలమ్మ నవ్వింది.
పనిచెయ్యకపోతే
నా పెరట్లో ఇన్ని కోళ్లెక్కడివే?
బోను బోనూ చూసుకుంటూ పోయి
ఆఖరిదాని దగ్గర నిలబడింది.
వీటికేమిచ్చారు?
నీళ్లు.
నొప్పి మీరే పెట్టి, నీళ్లిచ్చారా?
పోల్చి చూడ్డానికమ్మా, అంది వూఫో,
నీళ్లు తాగినవి లేకపోతే
మందు మందేనని ఎలా తెలుస్తుంది?

తిడుతుందనుకున్నాను.
ముసలమ్మ పీట లాక్కుని కూచుంది.
నా దగ్గరా ఉన్నారు, అంది మెల్లిగా.
బెరడు నిండుకున్న వానాకాలం వచ్చినవాళ్లు,
చెయ్యి దాటిపోయాక మోసుకొచ్చినవాళ్లు.
వాళ్లకి నేనూ నీళ్లే కాచిపోశాను,
మందని చెప్పి.
మీరు నయం. ఎంతమందో మీకు తెలుసు.
నేను లెక్కపెట్టలేదు.

అంకెల పక్కన నక్షత్రాలు
తర్వాతెప్పుడో వచ్చాయి, కంప్యూటర్లోంచి.
చెట్టు పేరు వాలు అక్షరాల్లో అచ్చయింది.
మా మేజో పేరున్న చోట
'ఒక స్థానిక వైద్యురాలు' అని ఉందట.
చదివి చెప్పినప్పుడు ఆమె అడిగింది:
కోడి ఎవరిస్తారు?

ఆ రాత్రి మాత్రం,
గాజుజాడీలో మత్తుగుడ్డ పడకముందు,
అన్ని బోనులకూ రోజూ పెట్టేదే పెట్టాను.
నీళ్ల గుంపుకి ఓ పిడికెడెక్కువ.
ఇది లెక్కలోకి రాదు.
ఎక్కడా రాయకండి.