చుక్క మరిచిన రాత్రి

నరసాపురం లాకుల దగ్గర రొయ్యల మేత గోడౌను,
దాని మీద నా గది.
గదిలో ఒక్కటే సర్వరు, రాత్రంతా గురక పెడుతుంది.
దానికున్నది ఒక్కటే అంకెల చిరునామా.
నేను నిలబెట్టాల్సినవి మూడు పేర్లు:
రొయ్య డాట్ డెల్టాసంత డాట్ ఇన్,
కొబ్బరి డాట్ డెల్టాసంత డాట్ ఇన్,
లేసు డాట్ డెల్టాసంత డాట్ ఇన్.

రొయ్య ముదునూరి రామభద్రరాజు గారిది. డబ్బు ముందే ఇచ్చారు.
కొబ్బరి అంబాజీపేట వాళ్లది. ఇస్తామన్నారు.
లేసు నల్లి మేరీరత్నం గారిది,
ఆవిడ వెనక నలభై మంది ఆడవాళ్లది.
డబ్బుకి బదులు తెల్లటి అల్లిక గుడ్డ ఒకటి తెచ్చి
కీబోర్డు మీద కప్పి వెళ్లారు.

"మా అమ్మమ్మ అల్లినప్పటి నుంచీ
మా లేసు ఎవరెవరి పేరుతోనో ఓడెక్కిందండి.
రేపు పదింటికి కొనేవాళ్లకి చూపించాలి.
మా పేరు కొడితే మేమే రావాలి."

పేరు అడిగితే అంకె చెప్పే పట్టీ తెరిచాను.
రొయ్యకి అంకె రాశాను. కొబ్బరికీ అదే అంకె.
లేసు దగ్గరికి వచ్చేసరికి తెలివి ఎక్కువై
మారుపేరు చాలనుకున్నాను:
డెల్టాసంత ఎక్కడుంటే లేసూ అక్కడే, అని.
వరస సంఖ్య ఒకటి పెంచి, సేవ్ చేసి,
టీ తాగొచ్చి పిలిచి చూశాను.
రొయ్య పలికింది. కొబ్బరి పలికింది.
లేసుని పిలిస్తే
ఆ పేరుగలవాళ్లెవరూ లేరంది లోకం.

పన్నెండున్నరకి కరెంటు పోయింది, ఇన్వర్టరు కూత పెట్టింది.
వాచ్‌మన్ కొల్లాటి ఏడుకొండలు
దోమల బత్తి పట్టుకుని పైకొచ్చాడు.
ముప్పై ఏళ్లు కాలవ మీద లస్కరు,
ఏ తూముకి ఎంత నీరో అతని చేతికి తెలుసు.
ఏమీ తోచక అతనికి చదివి వినిపించాను
ప్రతి వరసా, చుక్కలతో సహా.

"చివర ఏం పెట్టారండి?"
ఏమీ పెట్టలేదన్నాను.
"ఆయ్, అదేనండి మరి.
మస్టర్లో మూడు వందలని రాసి పక్కన గీత కొట్టకపోతే
తెల్లారేసరికి ఇంకో సున్నా మొలిచేదండి."

చూశాను.
చివర చుక్క లేదు గనక పేరింకా అయిపోలేదనుకుని
పట్టీ తన ఇంటిపేరు మళ్లీ తగిలించింది:
డెల్టాసంత డాట్ ఇన్ డాట్ డెల్టాసంత డాట్ ఇన్.
లేని ఊరికి పంపించింది మేరీరత్నం గారిని.

చుక్క పెట్టాను.
ఈగ వాలినా అంతకన్నా పెద్ద మచ్చ పడుతుంది.

పెట్టగానే అయిపోదు.
లేరు అన్న మాటని కూడా దాచుకుంటాయి దారిలో యంత్రాలు,
గంటసేపు.
లాకు గేటు ఎత్తాక
శివారు చేనుకి తడి చేరే ఆలస్యం అది.
ఏడుకొండలు ఆ ఆలస్యానికి అలవాటుపడ్డవాడు,
గోడకి జారబడి నిద్రపోయాడు.

రెండుంపావుకి లేసు పలికింది.
తెరిచాను. తెర నిండా రొయ్య.
తెల్లమచ్చ తెగులుకి మందు, బస్తా మీద తగ్గింపు.

ఒకటే గుమ్మం, లోపల మూడు గదులు.
వచ్చినవాడు ఎవరి కోసమో పేరు చెబుతూనే ఉన్నాడు,
లేసు గదికి నేనే పేరుపలక తగిలించలేదు.
ఎటూ తోచని సర్వరు మొదటి గదిలోకి తోసేసింది.
మొదటి గది డబ్బు ముందిచ్చినవాళ్లది.
కావాలని చేయలేదు.
కానీ గదులు ఆ వరసలో పేర్చింది నేనే.

రాజు గారు ఓసారి అన్నారు,
"ముందు నక్షత్రం గుర్తు పెట్టెయ్యమ్మా,
ఎవరు ఏ పేరు కొట్టినా మన దగ్గరికే రావాలి."
మేరీరత్నం గారి పేరు కూడానా అని
అప్పుడు అడగలేదు నేను.

ఫోన్ మోగింది. ఆవిడా మేలుకునే ఉన్నారు.
"మా అల్లికకి మీసాలు మొలిచాయేంటండి?"

పలక తగిలించి, సర్వర్ని మళ్లీ చదువుకోమన్నాను.
ఇప్పుడు చూడండి, అన్నాను.
అవతల ఒక్కో అక్షరం పైకి చదువుతూ
కొడుతున్న చప్పుడు,
సూది పట్టిన వేళ్లు, తొందర లేదు.
ఆగి అడిగారు:
"చివర చుక్క పెట్టాలాండి?"

మీకక్కర్లేదండి, అన్నాను,
నేను పెట్టాను.