ఇది ఎవలిది?

షార్జా, సజా క్యాంపు, పద్నాలుగో నంబరు రూము.
పై మంచం మీద నేను, ఒళ్లో అట్టముక్క.
ఖర్జూరాల డబ్బా మూతకు ఎనుకదిక్కు
మా దండు లెక్కంత రాసి ఉంటది.
ముప్పై ఐదు రాత్రుల హాజరు.
డ్యూటీ హాజరు ఫోర్‌మన్ దగ్గర, వాడు గీసిందే గీత.
ఈ హాజరు నా దగ్గర. ఎవలైనా వచ్చి చూసుకోవచ్చు.

తొమ్మిది మందిమి.
ముందల నిలవడి దెబ్బలు కాసేటోడు పోశెట్టి,
పగలంత స్కాఫోల్డింగు పైపులు మోసే భుజం.
బాణాలు టేక్ బహదూర్‌వి.
బోధన్ ఇర్ఫాన్ మంత్రాలేస్తడు, నోరెక్కువ, గురి తక్కువ.
గాయాలు మాన్పేది ఓబులమ్మ.
కువైట్ల, మేడం పండుకున్నంక,
బట్టల మిషను పక్కన నేల మీద కూసోని,
మిషను తిరిగినంతసేపు మా పానాలకు కాపలా.

మంచుకొండ మీది పాము కూలిన రాత్రి
ఆమె లేదు.
మేడం కొడుకు పుట్టినరోజట,
ఫోను బీరువాల పడ్డదట.
మందుసీసాలు తాగుకుంట, సచ్చుకుంట గెలిచినం.

కత్తి ఒకటి పడ్డది. అది కాక తొమ్మిది సామాన్లు:
తోడేలు తోలు, ఉంగరం, పగిలిన బూట్లు, గిట్లాంటివి.
కత్తి పేరు సదవరాలే మాకు.
రియాదు పిలగాడెవడో
నాలుగొందల యాభై దిర్హాలిస్తనన్నడు.
అసలు దిర్హాలు. జేబుల పెడితే మడత పడేటివి.

గప్పటిదాక తోలు నీకు, డాలు వానికి అని
నవ్వుకుంట పంచుకున్నోళ్లం.
ఆ మాటతోటి
రూముల ఏసీ సప్పుడు వినవడ్డది.

"ఆఖరు దెబ్బకు ఉన్నోళ్లకే" అన్నడు ఇర్ఫాన్. "రూలంటే రూలే."

తొమ్మిదికైతే యాభై.
ఎనిమిదికైతే యాభై ఆరుంపావు.
మనిషికి ఆరుంపావు దిర్హాల కాడ
ఆమె ముప్పై నాలుగు రాత్రులు అడ్డం నిలవడ్డయి.

పోశెట్టి లేసి కూసున్నడు.
"నేను ఎన్నిసార్లు సచ్చిన్నో రాసినవా అండ్ల?"
రాయలే.
"సచ్చినప్పుడల్లా లేపింది ఎవలు?"

మా ఊర్లె మేకను కోస్తే మోదుగాకుల మీద పోగులేస్తుండ్రి.
కూర, బొక్క, కార్జం, తలా ఇంత.
ఒక పిలగాన్ని గోడదిక్కు తిప్పి నిలవెట్టి
పోగు మీద పుల్ల పెట్టి అడుగుదురు: ఇది ఎవలిది?
వానికి పోగు కనవడది. నోటికొచ్చిన పేరు చెప్తడు.
జరమొచ్చి రానోనికి గూడ పోగుండేది.
పోగులేసినోడు ఆఖరుది తీసుకోవాలె,
అందుకే వాని కత్తి సక్కగ నడుస్తుండె.

పైసలొచ్చిన రాత్రి
టేక్ బహదూర్‌ను గోడదిక్కు తిప్పినం.
తెలుగు రాదు వానికి.
"ఇది ఎవలిది" ఒక్కటి అప్పుడే నేర్సుకున్నడు.
పాత పేపర్ల మీద తొమ్మిది పోగులు,
ఒక్కో యాభై మీద ఒక్కో సామాను పేరు.
నాలుగో పోగు మీద వేలుపెట్టి ఇర్ఫానే అడిగిండు.
"ఓబులమ్మ" అన్నది గోడ.

రెండు దినాలకు ఆమె వాయిస్ వచ్చింది,
ఎనుక మిషను తిరుగుతనే ఉన్నది:
"అన్నా, యాభైకి పంపే కర్చే ఇరవై అయితాది,
దుడ్లు ఆడే పెట్టండి.
ఉంగరం ఎవురికన్నా ఇచ్చి తోడేలు తోలు నాకీండి.
మంచులో నిలబడేది నేనే కదా.
ఈడా ఏసీ ఎక్కువ."

తోలు ఇర్ఫాన్ పోగుల పడ్డది.
మూడు దినాలు ముచ్చట తియ్యలే వాడు.
నాలుగోనాడు ఇచ్చిండు,
ఉంగరం అడిగి మరీ తీసుకున్నడు.

ఆమె యాభై మసాలా డబ్బాల ఉన్నది.
మూత మీద పేరు రాసిన, జిడ్డుకు
మొదటి అచ్చరం సక్కగ పడలే.

ఆఖరు పోగు నాది: పగిలిన బూట్లు.
తొడుక్కుంటే నడక జోరు రెండు పెరుగుతదట.
నాలుగున్నరకు బస్సు.
మంచం దిగి, కింద పెట్టిన అసలు బూట్లు
ఎండినయో లేదో చెయ్యి పెట్టి చూసిన.