కన్నున్న ముక్క

తహసీల్దారు కచేరీలో గుమాస్తా ఊదితే
పాత లెక్కలోంచి దుమ్ము లేచింది.
మా వంశానికంతా ఒక్కటే వరస:
‘కదిరెప్ప బిన్ ఓబళప్ప. ఖుష్కి.
నాలుగెకరాల ఆరు గుంటలు. బావి లేదు.’
నకలుకి డబ్బు కట్టాను.
రశీదు ఇయ్యలేదు.

కదిరి దిక్కు నుంచి వచ్చాడట.
ఒక ఎద్దు తనది, ఒకటి బామ్మర్దిది,
బండి ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.
వర్తూరుకి ఈవల అప్పుడంతా తుమ్మ, నక్కలు, గులకరాళ్ళు.
ఒక ఏడు వేళ్ళు పెకలించడానికే సరిపోయింది,
ఇంకో ఏడు రాళ్ళు ఏరడానికి.
మూడో ఏట రాగి చేతికొచ్చిందని మా జేజి,
కాదు నాలుగో ఏటని ఆమె చెల్లెలు.
ఆ తగవుని ఇద్దరూ కాటిదాకా మోసుకుపోయారు.

బావి తవ్వాడు, తర్వాత.
ఏడు మట్లు దిగితే చెమటంత ఊరింది.
లెక్క రాసినవాడు మళ్ళీ ఇటు రాలేదు.

దండులో దొరలు ఉర్లగడ్డ తింటారని
ఎవరో సంతలో అన్నారు.
పులుపా కాదు, కారమా కాదు,
ఏ దేవుడి ముందూ పెట్టరాదు,
అదేం గడ్డరా కదిరెప్పా అని ఊరు నవ్వింది.
వేశాడు.
రాత్రంతా బండి తోలి కోడికూతకి దండు చేరితే
బట్లరు ఒక్కొక్కటీ గోటితో గిల్లి
సగం కాలితో నెట్టేవాడు.
నెట్టిన సగం మా ఇంటి కూర.
ఊళ్ళో మొదట ఆ రుచి ఎరిగింది
మునెక్క, ముగ్గురు పిల్లలు.

ధాత కరువు వచ్చింది.
వాన ఆ ఏడూ లేదు, మరుసటేడూ మొహం చాటేసింది.
బావి అడుగున కప్పలు కూడా మాట మానేశాయి.
ఎద్దుల్ని దండుకే తోలి అమ్మాడు,
వాటి గంటలు మాత్రం విప్పి తెచ్చుకున్నాడు.
ఇసకలో పూడ్చిన విత్తనపు గడ్డలు ఒక గంపెడు.
వాటిమీద చాప, చాపమీద కదిరెప్ప.
ఇవి పోతే మనం లేమని పలవరించేవాడట నిద్రలో.
నడిపివాడు చెంగడు పోయిన రోజు కూడా
గుంత తవ్వొచ్చి అక్కడే పడుకున్నాడు.

ఆ రాత్రి మునెక్క ఆయన్ని పక్కకి దొర్లించింది.
(ఆకలి మనిషి, దొర్లాడు.)
గంప తీసింది, కత్తిపీట ముందేసుకుంది.
గడ్డలో కన్నున్న చోట బొటనవేలంత ముక్క కోసి
బూడిదలో పొర్లించి చేటలో పరిచింది.
మిగతాది ఉడకేసింది.
ఉప్పు లేదు. మిగిలిన ఇద్దరికీ పెట్టింది.
చట్టి గీకి తనూ తిన్నది, ఆ మాట దాచలేదు.

తెల్లారి ఆయన అరిచిన అరుపుకి
ఎండిన చెరువు గట్టుదాకా జనం వచ్చారట.
కొట్టాడా? జేజి ఇక్కడ ఎప్పుడూ
వక్కాకు వెతుక్కునేది.
మూడు నెలలు మొగుడూ పెళ్ళాం మాటల్లేవు.

వాన పడింది.
కోపంతోనే నాటాడు ఆ ముక్కల్ని,
నీ నిర్వాకం చూడమని చూపించడానికి.
పన్నెండో రోజుకి చాళ్ళ నిండా ఆకు.
గడ్డ మొత్తం అక్కర్లేదు, కన్నుంటే చాలు.

ఆ తర్వాత సంతల్లో
మీసం దువ్వి చెప్పుకున్నాడు కదిరెప్ప:
ముక్క నాటడం నేనే కనిపెట్టానని!
మునెక్క పక్కనే తూకం వేస్తూ
రాయి సరిచూసుకునేది.

ఆమె పేరు ఏ లెక్కలోనూ లేదు, అడిగాను.
నాలుగెకరాలూ ఇప్పుడు ఎవరెవరివో,
ఆరు గుంటల మీద కేసు నడుస్తోంది.

మా ఇంట్లో ఆడవాళ్ళం ఇప్పటికీ
ఉర్లగడ్డ తరిగితే కన్నున్న ముక్క పక్కన పెడతాం.
ఎందుకని మా కోడలు అడిగింది, తొమ్మిదో అంతస్తులో.
పెట్టాలి, అన్నాను.
రెండు రోజులు సొట్ట గిన్నెలో ఉంచి
మూడో రోజు తడిచెత్తలో వేస్తాను,
వేసేటప్పుడు అటు చూడను.