బల్ల మీది గుడ్డ

ఉర్గుత్ సంతలో ఆదివారం
తెల్లవారకముందే తానులు దింపుతాను.
చైనా సాటిన్, మర్గిలాన్ పట్టు, తాష్కెంట్ మిల్లు నూలు.
లాంతరు వెలుగులో నా కొట్టు
పెళ్లివారిల్లులా ఉంటుంది.

హోసియత్ అక్క పెళ్లికి రాదు.
పెళ్లిచూపులకి వస్తుంది.

ముందు వేళ్లు.
రాళ్లుప్పు నలిపినట్టు గుడ్డని నలుపుతుంది.
గంజి పొడి రాలితే
నా మొహంలోకి ఒక్కసారి చూస్తుంది, అంతే.
తాను నేనే చుట్టేస్తాను.

తర్వాత, కొండ దిగి వచ్చే ఎండకి ఎత్తిపట్టి
పడుగు ఎన్ని పోగులో, పేక ఎన్నో
పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది.
మధ్యలో నేను ధర చెబితే
మళ్లీ మొదటికి వెళ్తుంది.
కావాలనే, అని నా అనుమానం.

ఆఖరికి సూది.
రుమాలు అంచున గుచ్చుకున్నది తీసి
ఒక్క పోటు పొడిచి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది.
సాటిన్ కీచుమంది.
"దీనికి దెబ్బ తగిలితే మానదు."
మిల్లు నూలు టప్పుమంది.
"దీని కడుపు నిండుగా ఉంది, నా దారం ఎక్కడ తింటుంది?"
పట్టు అసలు పలకలేదు.
"సిగ్గనుకునేవు. పొగరు."

ముప్పై ఏళ్లుగా బట్టలమ్ముతున్నాను.
నాకు వినపడింది
పక్కన ఖర్బూజాలవాడి అరుపొక్కటే.

అప్పుడామె చెయ్యి తానుల కిందికి పోయింది.
బల్ల మీద పరిచిన పాత గుడ్డ మీదికి.
నేను దాని మీదే టీ పెట్టుకుంటాను, రొట్టె విరుస్తాను,
సుద్దతో బాకీలు రాసి అరచేత్తో తుడుస్తాను.
పొడిచింది.
ఈసారి చాలాసేపు విన్నది.
"మనవరాలి పెళ్లికి ఇదే."

"ఇది అమ్మేది కాదక్కా. అమ్మది."

గుంట మగ్గంలో కాళ్లు దించుకుని నేసింది మా అమ్మ.
మూరెడు పన్నా.
అంతకంటే దూరం ఆమె చేతులు చాచలేదు.
అలాంటి పన్నాలు నాలుగు జోడించి కుట్టింది.
ఎందుకు కుట్టిందో అడగలేదు, నాకప్పుడు పదేళ్లు,
గాలిపటానికి దారం దొంగిలించే వయసు.

"ధర చెప్పు" అంది హోసియత్.
ఎవరూ ఇవ్వలేని ధర చెప్పాను.
రుమాలు ముడి విప్పి
పోగులు లెక్కపెట్టినంత నెమ్మదిగా నోట్లు లెక్కపెట్టింది.
చాల్లేదు. దరిదాపుల్లోకి కూడా రాలేదు.
తీసుకో, అన్నాను.
ఎందుకన్నానో రాత్రి దాకా ఆలోచించాను.

అక్కడే నా స్టూలు మీద కూర్చుని
అమ్మ వేసిన అతుకులు ఒక్కొక్కటే విప్పింది.
ఒక పన్నా తనకి, ఒకటి కోడలికి,
ఒకటి చెల్లెలు రోబియాకి,
ఇంకోటి కళ్లు మసకేసిన ఆడబిడ్డకి.
అందరూ కుట్టాక మళ్లీ కలిపి గోడకి వేస్తారట.

"సగం దానిమ్మ ఒకరు, సగం ఒకరు కుడితే
కాయ కలుస్తుందా?"
"కలవదు. ఒక చెంప బూరె, ఒక చెంప పల్లం.
కలిస్తే మిషన్ కుట్టిందంటారు నన్ను."

ఒక మూల సుద్ద గీతలు ఇంకా పోలేదు.
షాముర్తజా, పన్నెండు గజాలు.
ఉతికిస్తానన్నాను.
"వద్దు, దాని మీద ఆకు వేస్తాను" అంది.
ఇక వాడు ఆ బాకీ ఎగ్గొట్టినట్టే.

ఇప్పుడు బల్ల మీద సాటిన్ ముక్క పరిచాను.
టీ పియాలా నిలవదు, జారిపోతుంది.
బేరాల్లేని మధ్యాహ్నాలు
సూది తీసి దాన్ని ఒక పోటు పొడిచి
చెవి దగ్గర పెట్టుకుంటున్నాను.
ఖర్బూజాలవాడు అరుపు ఆపి
నన్ను చూస్తాడు.