తీగ దాకా పోని చెట్టు

బండలు పరిచేటప్పుడు కుర్మయ్య మేస్త్రీ
పడమటి మూల రెండడుగులు ఇడిచిపెట్టిండు.
"షాబాదు బండ తక్కువబడ్డది సారూ,
ఏదన్న చెట్టు పెట్టుకోండ్రి" అన్నడు.
బండ తక్కువబడి పుట్టిన తోట నాది.

ఏం చెట్టు?
జడ్చర్లల ఇరవై రెండేండ్ల సంది లైన్‌మన్‌ను.
మృగశిర కార్తె ముంగట ఎల్‌సీ తీసుకోని
గడకు కొడవలి గట్టి గల్లీ గల్లీ తిరిగెటోన్ని.
అందరు చెట్టును పూత జూసి గుర్తుపడతరు,
నేను కోత జూసి.
మునగ, కొడవలి ఆనకముందే ఇరుగుతది.
దేవగన్నేరు పాలు సబ్బుకు పోవు,
అన్నం ముద్దల దాకా వస్తయ్.
బాదం కొమ్మ కిందపడ్డంక సుత
గొడుగు లెక్క ఇచ్చుకోనే ఉంటది.
వేప మొండిది. ఇయ్యాల కొడితే
రెండు వానలకు మళ్ల
అదే తీగను దేవులాడుకుంట వస్తది.

బాలకిష్టమ్మ ఇంటి ఆకాశమల్లెను కొట్టిన నాడు
ఆమె గేటుకాడ నిలబడ్డది. తిట్టలే.
రాలిన పూలు కొంగుల ఎత్తుకుంట
"నీ ఇంటి ముంగట చెట్టు లేదా నాయినా?" అనడిగింది.
లేదన్న.
"అవు మరి" అన్నది.
గంతే.
ఆ మాట ఏ ఫీజు కట్టకుంట
నాలుగేండ్లు నా మీటర్ల తిరిగింది.

ఆదివారం పొద్దుగాల గడ తెచ్చి మూలకు నిలబెట్టిన.
మా ఇంటి మీది నుంచి పోయే తీగకు పద్దెనిమిది అడుగులు.
ఎంత పొట్టి చెట్టైతే నా చేతుల నుంచి బతుకుతది?

మణెమ్మ లెక్క వేరు.
కుట్టు మిషను బయటేసుకుంటది ఆమె.
"రెండు గంటలకు ఈ బండల మీద రొట్టె కాలుతది,
నాకు నీడ గావాలె, నీ అడుగులు గాదు."

చాంద్‌పాషా నర్సరీల ఇద్దరం పొద్దు గుంకేదాక తిరిగినం.
సీతాఫలం జూసి ఆమె పక్కున నవ్వింది.
"గుట్ట మీద ఊకె మొలిచేదానికి నూటయాభయ్యా?
అండ్ల హోళీ దాటితే ఆకే ఉండదు."
నిమ్మకు ముండ్లు, జాకెట్ బట్టలు చినుగుతయంట.
పారిజాతం బాగుంటది, కని గొంగళిపురుగులు.
దానిమ్మ కాడ జరసేపు ఆగినం,
ఉడుతల పాలని ఇడిసిపెట్టినం.

నల్లా కాడ, ఎవ్వలు నాటంది,
జానెడు కల్యమాకు పిలక.
పాషా ఏలుతోనే పెకిలించి పాల కవర్ల పెట్టిండు.
"దీనికి పైసలేంది అన్నా."

మూడేండ్లాయె.
పులిసిన మజ్జిగ, బియ్యం కడిగిన నీళ్లు, బోరు ఉప్పునీళ్లు
అన్నిటినీ ఒక్కతీరుగ తాగింది.
పొద్దున ఇడ్లీబండి ఎల్లేశు రెండు రెమ్మలు,
పైన కిరాయి పంతులమ్మ పోపుకు నాలుగు,
పేరు తెల్వని పిల్లలు, వాళ్ల అమ్మలు చెప్తే, ఇన్ని.
పికిలిపిట్టలు నల్ల పండ్లు తిని
బండల మీద ఊదారంగు చుక్కలు పెడతయ్.
నేను మాత్రం ఎన్నడు కొడవలి ముట్టియ్యలే.
పది అడుగులు దాటదది.
దినాం ఇంతింత ఇచ్చుకునేదానికి
తీగ దాకా పోవ తీరిక దొరకదు.

నిన్న బాలకిష్టమ్మ వచ్చింది, చారుకని.
పై కొమ్మ వంచి, తడుముకోకుంట
గిట్ట దగ్గరనే తుంచింది.
"ఎల్‌సీ తీసుకున్నవా అమ్మా?" అన్న.
అర్థం గాలే ఆమెకు.
కొంగుల ఆకు చుట్టుకోని పోయింది.
గేటు దాటినంక సుత వాసన ఉన్నది.

నీడ అంటరా? పల్చగనే.
జల్లెడ పట్టినట్టు పడతది ఎండ.
మణెమ్మ మిషను ఇప్పటికి జరుగుతనే ఉంటది,
పదకొండుకు గోడకు,
రెండింటికి లోపటికి,
పోతపోత నా దిక్కు ఒక చూపు.