బ్రేక్‌వ్యాన్ లెక్క

కరెంటు పోయింది, మిద్దెక్కినాం.
పక్క క్వార్టరు షాహీన్ ఎమ్మే పరీక్షకి
గట్టిగా చదువుతా ఉండాది,
వినే గోడని నేను.

"తాతా, జపాన్లో ఒక పెద్ద పార్టీ.
అధ్యక్షుడు పోయి ప్రధాని కుర్చీలో కూర్చుంటే
పార్టీ ఇంటి తాళంచెవి
ప్రధాన కార్యదర్శి మొలతాడుకి.
టికెట్టు ఎవరికి, డబ్బెంత, ఏ ఊరికి ఎవరు,
అన్నీ ఆయన చేతిలోనే."

ఉండు మేయ్, అంటి.
ఇది నేనెక్కిన బండే.

ముప్పై నాలుగేండ్లు గూడ్సు గార్డుని.
ఇంజన్లో డ్రైవరు. ఊరు చూసేది వాణ్ణే,
గేటుకాడ పిల్లోళ్లు చెయ్యూపేది వానికే.
యాభై ఎనిమిది వ్యాగన్ల వెనక
ఊగే పెట్టెలో నేను,
జెండా, లాంతరు, విజిలు, చల్లారిన టీ.
నేను పచ్చ చూపకపోతే
రాయచూరు దిక్కు ఒక్క చక్రం తిరగదు.

"మరి విధానాల పెద్ద? ప్రతి బిల్లూ
సభకి పోకముందు ఆయన కమిటీల్లో నలగాల."
టైంటేబులు రాసేవాడులే.
సికింద్రాబాదులో ఫ్యాను కింద రాస్తాడు,
నంచర్ల కాడ పట్టాలు ఎంత కాల్తాయో
వానికేం ఎరుక.

"ఇంకో మండలి ఉండాది తాతా.
అందరూ ఊఁ అంటేనే తీర్మానం.
ఒప్పుకోనోడు వద్దని అనడు,
లేచి మెల్లిగా బయటికి పోతాడు.
లోపల మిగిలినోళ్లంతా ఊఁ."

నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

మా యూనియన్ బ్రాంచిలో
ప్రెసిడెంటు ఉరుకుందప్ప,
సెక్రటరీ కుళ్ళాయప్ప.
మైకు ఈయనది, రబ్బరు ముద్ర ఆయనది.
దండ ఈ మెడకి, రసీదు పుస్తకం ఆ సంచిలోకి.
ఏడేండ్లు కొట్లాడుకుంటానే
బండి నడిపినారు ఇద్దరూ.
ఎనిమిదో యేడు ఒక రాత్రి మీటింగు:
రెండు పదవులూ ఉరుకుందప్పకే.
ఏకగ్రీవం.
కుళ్ళాయప్ప ముద్రని పంచె కొంగుతో తుడిచి
బల్ల మీద పెట్టి పోయినాడు.
పంచెకి ఆ ఊదా మరక.

తర్వాత నెల నోటీసులో
ముద్ర ఉండాది, సంతకం ఉండాది.
మీటింగుకి మాత్రం కుర్చీలు, ఉరుకుందప్ప,
కుర్చీలు తుడిచే యల్లప్ప.
లోకోషెడ్డు నుంచి పాత కాలనీ దాకా
సైకిలు మీద తిరిగి
ఒక్కొక్క తలుపూ తట్టి పిలిచింది
ఏ పొద్దూ ముద్ర కాదు గదా.

"ఇది రాయొచ్చా తాతా, జవాబులో?"
వద్దు మేయ్, మార్కులు పోతాయి.

కరెంటొచ్చింది.
షాహీన్ పుస్తకం ఎత్తుకొని దిగిపోయింది.
ఏకగ్రీవమైన ఆ రాత్రి
నువ్వు యాడుంటివి తాతా అని
అడగలేదు, మంచిదైంది.

గడప బయట ఉంటి,
బీడీ నోట్లో పెట్టుకొని.
గాలికి మూడు పుల్లలు ఆరిపోయినాయి.
నాలుగోది గీసేలోపల
లోపల చప్పట్లు.